ఆరోగ్య ప్రశ్నోత్తరాలు: వారం మాత్ర, జిమ్ పొడి, తెగిన లిగమెంట్

ప్రశ్న: మా అమ్మకు 52 ఏళ్లు. చేతివేళ్ల కీళ్లు వాచి, పొద్దున లేచాక గంటన్నర దాకా పిడికిలి ముడవలేకపోతోంది. మిర్చి ఏరడానికి పోవడం మానేసింది. వరంగల్‌లో చూపిస్తే రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు. మెథోట్రెక్సేట్ వారానికి ఒకసారి, ఫోలిక్ యాసిడ్ వేరే రోజు వేసుకోమని రాశారు. ఫోన్‌లో వెతికితే అది కేన్సర్ మందు అనీ, ఫోలిక్ యాసిడ్‌కు విరోధి అనీ ఉంది. మరి రెండూ ఎలా ఇస్తారు? నొప్పి ఎక్కువున్న రోజు ఇంకో మాత్ర వేయొచ్చా?
— ఒక పాఠకురాలు, నర్సంపేట

జవాబు: మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. వేయొద్దు. మెథోట్రెక్సేట్ నొప్పి మాత్ర కాదు. ఈ రోజు వేసుకుంటే ఈ రాత్రికి నొప్పి తగ్గదు. గుణం తెలియడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. అప్పటిదాకా నొప్పికి ఏం వాడాలో డాక్టరు విడిగా రాస్తారు.

కేన్సర్ మందన్న మాట నిజమే, అందులో దాచేదేమీ లేదు. భీమవరంలో 1895లో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే కంపెనీలో పరిశోధనలకు పెద్దగా ఉన్న కాలంలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ఆ తర్వాత అదే అణువులో చిన్న మార్పు చేశారు. ఒక చోట ఆక్సిజన్ ఉన్న భాగాన్ని తీసేసి అమైనో గుంపును పెడితే అమైనోప్టెరిన్ తయారైంది. దానికి ఇంకో చోట మిథైల్ గుంపు చేర్చితే మెథోట్రెక్సేట్. మార్పు ఇంతే. కానీ ఫోలిక్ యాసిడ్‌ను వాడుకోవాల్సిన ఎంజైమ్ పొరపాటున దీన్ని పట్టుకుని ఇక వదలదు. కణానికి కొత్త డీఎన్ఏ తయారుచేసుకునే సరుకు అందదు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమైనోప్టెరిన్‌ను లుకేమియా పిల్లలకు ఇచ్చి, కొంతకాలం పాటైనా జబ్బు వెనకడుగు వేసిందని 1948లో ప్రకటించారు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. కీళ్ల జబ్బుకు మెథోట్రెక్సేట్ వాడటానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1988లో అనుమతించింది.

తేడా అంతా మోతాదులో ఉంది. కొన్ని ఎముక కేన్సర్లలో ఇదే మందును గ్రాముల లెక్కన ఎక్కిస్తారు. మీ అమ్మగారికి రాసేది సాధారణంగా 7.5 నుంచి 25 మిల్లీగ్రాముల మధ్య, అదీ వారం మొత్తానికి. ఇంత తక్కువ మోతాదులో అది ప్రధానంగా వేరే దారిలో పనిచేస్తుందని శాస్త్రవేత్తల అభిప్రాయం. కణాల బయట అడినోసిన్ అనే పదార్థం పెరిగేలా చేస్తుంది, అది వాపును అణుస్తుంది. అందుకే ఫోలిక్ యాసిడ్ ఇచ్చినా కీళ్లకు జరిగే మేలు పెద్దగా తగ్గదు. నోటిపూత, వికారం, లివర్ మీద పడే ఒత్తిడి మాత్రం తగ్గుతాయి. మీకు తోచిన అనుమానం తెలివైనదే. దానికి జవాబు ఇదే.

వారానికి ఒక్కసారే ఎందుకంటే, కణంలోకి వెళ్లిన మెథోట్రెక్సేట్‌కు అక్కడ గ్లుటమేట్ తోకలు ఒకదాని వెంట ఒకటి తగులుకుంటాయి. అవి తగులుకున్నాక మందు తొందరగా బయటికి రాలేదు. రక్తంలోంచి ఒక రోజులో దాదాపు పోయినా, కణాల్లో నిలిచి ఉంటుంది. రక్తంలోంచి పోయింది కదా అని రోజూ వేస్తూ పోతే కణాల్లో పేరుకుని ఎముక మజ్జను దెబ్బతీస్తుంది, తెల్లకణాలు పడిపోతాయి. రోజూ మింగి ప్రాణాల మీదికి తెచ్చుకున్నవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు.

ఇక్కడ ఒక సంగతి కళ్లారా చూసుకోండి. 2.5 మిల్లీగ్రాముల మెథోట్రెక్సేట్, 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ చాలా బ్రాండ్లలో రెండూ పసుపు రంగువే, రెండూ చిన్న గుండ్రని మాత్రలే. ఒకే డబ్బాలో వేస్తే చదువుకున్నవాళ్లూ తేల్చలేరు. స్ట్రిప్పుల్లోంచి విప్పి పోయకండి. చీటీ మీద ‘వారానికి 1’ అని కాకుండా ‘ఆదివారం’ అని వారం పేరు రాయించుకోండి. మందుల షాపులో ఇచ్చేటప్పుడు ఆ పేరు స్ట్రిప్పు మీద కూడా పెన్నుతో రాయమనండి.

రక్తకణాలు, లివర్, కిడ్నీ పరీక్షలు మొదట్లో తరచుగా, తర్వాత రెండు మూడు నెలలకోసారి తప్పవు. కల్లు, సారా పూర్తిగా మానాలి. మూత్రంలో మంటకో జ్వరానికో ఎవరైనా సెప్ట్రాన్ లాంటి కోట్రైమోక్సజోల్ మాత్ర ఇవ్వబోతే ‘నేను మెథోట్రెక్సేట్ వాడుతున్నా’ అని చెప్పమనండి. అదీ ఫోలేట్ దారినే మూస్తుంది, రెండూ కలిస్తే ప్రమాదం. పిల్లల్ని కనాలనుకునే వయసువాళ్లకు ఈ మందు పనికిరాదు, ముందే డాక్టరుకు చెప్పాలి. నోట్లో పుండ్లు, ఆగని జ్వరం, ఒంటి మీద కమిలిన మచ్చలు కనబడితే మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఫోలినిక్ యాసిడ్ అనే విరుగుడు ఉంది, కానీ ఆలస్యమైతే దాని ఫలితం తగ్గిపోతుంది.

ప్రశ్న: కానిస్టేబుల్ ఫిజికల్ టెస్టుకు తయారవుతున్నా. జిమ్‌లో అందరూ క్రియాటిన్ పొడి వాడమంటున్నారు. కిడ్నీలు పోతాయని ఇంట్లో భయపెడుతున్నారు. ఎవరి మాట వినాలి?
— 22 ఏళ్ల అభ్యర్థి, హన్మకొండ

జవాబు: ఇద్దరి మాటల్లోనూ సగమే నిజం. ముందు ఒక ముచ్చట. మీ జిమ్‌లో గోడ మీద అంటించిన కండల వీరుల పక్కన సుబ్బారావు ఫొటో ఒకటి పెట్టాలి. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని 1927లో బయటపెట్టింది ఆయనే. అందుకు దారి చూపిన ఫాస్ఫరస్ పరీక్షను, ద్రావణం నీలం రంగుకు తిరిగే ఆ పరీక్షను, ఎంబీబీఎస్ బయోకెమిస్ట్రీలో ఇప్పటికీ ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే చదువుకుంటారు.

కండరం ముడుచుకోవడానికి ఏటీపీ ఖర్చవుతుంది. కండరంలో నిల్వ ఉన్న ఏటీపీ రెండు మూడు సెకన్లకే చాలుతుంది. అప్పుడు ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేట్‌ను చేబదులిచ్చి ఏటీపీని మళ్లీ నిలబెడుతుంది. ఆ చేబదులు సుమారు పది సెకన్లతో సరి. ఆ పైన నడిపేది గ్లూకోజూ ఆక్సిజనూ.

దీన్ని బట్టి మీరే లెక్క వేసుకోండి. షాట్‌పుట్, లాంగ్‌జంప్ క్షణాల పని, క్రియాటిన్ కాస్త అక్కరకొస్తుంది. 1600 మీటర్ల పరుగు నిమిషాల పని, అక్కడ దాని సాయం నామమాత్రం. పైగా ఒంట్లో నీరు నిలిచి కిలో, రెండు కిలోల బరువు పెరగొచ్చు. ఆ బరువును మోసుకుంటూ పరుగెత్తాల్సింది మీరే. నాకు ఎక్కువమంది అభ్యర్థులు పరుగులోనే పోతున్నట్టు కనిపిస్తోంది. ఆ డబ్బుతో కోడిగుడ్లు, పల్లీలు కొనుక్కుని జేఎన్ఎస్ స్టేడియం ట్రాక్ మీద ఇంకో నెల పరుగెత్తమంటాను.

కిడ్నీల సంగతి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు రోజుకు 3 నుంచి 5 గ్రాములు వాడితే కిడ్నీలు చెడినట్టు పరిశోధనల్లో తేలలేదు. అయితే క్రియాటిన్ విరిగితే వచ్చేది క్రియాటినిన్. కాబట్టి రక్తపరీక్షలో ఆ అంకె కొంచెం పెరిగి కనిపించొచ్చు. పరీక్ష చేయించేటప్పుడు పొడి వాడుతున్నట్టు చెప్పండి. ఇదివరకే కిడ్నీ జబ్బున్నవాళ్లు ముట్టుకోవద్దు. జిమ్‌లో ఎవరైనా ‘ఇంజెక్షన్’ అంటే మాత్రం అది క్రియాటిన్ కాదు, చాలాసార్లు స్టెరాయిడ్. అక్కడి నుంచి బయటికి వచ్చేయండి.

ప్రశ్న: కబడ్డీలో మోకాలు మెలిపడి టక్‌మని చప్పుడొచ్చింది. రెండు గంటల్లో వాచింది. పసరు కట్టు కట్టించినా నడుస్తుంటే కాలు జారిపోతోంది. ఎంఆర్ఐలో మోకాలి లోపలి ఏసీఎల్ లిగమెంట్ పూర్తిగా తెగిందన్నారు. రక్తం తీసి చేసే పీఆర్‌పీ ఇంజెక్షన్‌తో అతుక్కుంటుందా?
— 19 ఏళ్ల ఆటగాడు, జనగామ

జవాబు: అతుక్కుంటుందని నమ్మడానికి తగిన ఆధారం లేదు. మిగతా చోట్ల తెగిన లిగమెంట్ మధ్య రక్తం గడ్డకట్టి మానడానికి ఆసరా అవుతుంది. మోకాలి లోపలి ద్రవంలో ఆ గడ్డ నిలవదు. పసరు కట్టు విప్పేయండి.

ఆపరేషన్ అందరికీ వెంటనే అక్కర్లేదు. స్వీడన్‌లో 121 మంది మీద జరిగి 2010లో తొలి ఫలితాలు వెలువడిన ప్రయోగంలో, ముందు వ్యాయామ చికిత్సతో మొదలుపెట్టినవాళ్లలో దాదాపు సగం మందికి ఐదేళ్లయినా ఆపరేషన్ అవసరం పడలేదు. కానీ మీది కబడ్డీ. ఒంటికాలి మీద మెలితిరిగే ఆట. పైగా మామూలుగా నడుస్తుంటేనే కాలు జారుతోంది. ఆట వదలనంటే తొడ వెనుక కండరపు స్నాయువు (టెండన్) తీసి కొత్త లిగమెంట్ వేయించుకోవడమే మేలు. ముందు వాపు తగ్గి, కాలు పూర్తిగా చాపగలగాలి. ఆపరేషన్ తర్వాత తొమ్మిది నెలల లోపు మ్యాటెక్కొద్దు, కోచ్ ఎంత బతిమాలినా సరే.

ప్రశ్న: ఆశా అక్క వచ్చి బోదకాలు మాత్రలు మింగమంటోంది. మా ఇంట్లో ఎవరికీ బోదకాలు లేదు. కిందటిసారి మా మరిదికి మింగిన రాత్రి జ్వరమొచ్చింది. మింగాలా?
— ఒక గృహిణి, పరకాల

జవాబు: మింగండి. బోదకాలు పురుగు లింఫ్ నాళాల్లో చేరి ఏళ్ల తరబడి కాలు వాయకుండానే బతుకుతుంది. రాత్రిపూట దాని పిల్లలు రక్తంలోకి వస్తే క్యూలెక్స్ దోమ పీల్చి ఇంకొకరికి చేరుస్తుంది. కాలు వాచాక మాత్ర ఇచ్చినా ఆ వాపు తీయదు, అందుకే ముందే ఊరందరికీ ఇస్తారు. ఆ మాత్రల్లో ఒకటైన డీఈసీ కూడా సుబ్బారావు బృందం 1947లో లోకానికి అందించిందే. మీ మరిదికి వచ్చిన జ్వరం బహుశా రక్తంలోని పురుగు పిల్లలు చచ్చినందువల్ల వచ్చింది. అంటే అతనికి మాత్ర అవసరమే అన్నమాట. అలాంటి జ్వరం ఒకటి రెండు రోజుల్లో పారాసిటమాల్‌తో తగ్గుతుంది.

రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లు తప్ప మిగతా అందరూ అన్నం తిన్నాక, ఆశా అక్క ఎదుటే మింగండి. తర్వాత వేసుకుంటామని అటక మీద పెట్టకండి.