వంశసూత్రమందలి పునరుక్తి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతముల మగ్గములపై చీర నేయుట మన విద్యార్థులు చూచియే యుందురు. అంచుమీది పువ్వు ఎన్ని మాఱులు రావలయునో నేతగానికి లెక్క గలదు. లెక్క మీఱినచో అంచు చెడును. మన దేహమందలి వంశసూత్రములకును ఇట్టి లెక్క గలదు.

ప్రతి జీవకణమునందును డి.యన్.ఏ. యను దీర్ఘసూత్రము నాలుగక్షరములతో వ్రాసిన గ్రంథమువలె నుండును. నాలుగవ క్రోమోసోముపై నున్న యొక జన్యువులో సి, ఏ, జి యను మూడక్షరములు వరుసగా మరల మరల వచ్చును. 26 మాఱులవఱకు వచ్చిన భయము లేదు. 27 మొదలు 35 వఱకు వచ్చినవారికి సామాన్యముగా వ్యాధి రాదు గాని, వారి బిడ్డలయందు లెక్క పెరుగవచ్చును. 36 మొదలు 39 వఱకైనచో వ్యాధి కలుగవచ్చును, కలుగకపోవచ్చును. 40 గాని, అంతకు మించి గాని యైనచో, పూర్ణాయుష్యము గలవారికి వ్యాధి తప్పదు.

దీనికి హంటింగ్టన్ వ్యాధి యని పేరు. 1872లో జార్జి హంటింగ్టన్ అను అమెరికా వైద్యుడు దీనిని వర్ణించెను. దీనికి కారణమైన జన్యువు 1993లో తెలియవచ్చెను. తఱచుగా 30, 50 ఏండ్ల నడుమ కాలుసేతులు అదుపు తప్పి కదలును, స్వభావము మాఱును, జ్ఞాపకశక్తి సన్నగిల్లును. మెదడులోని కణములు క్రమముగా నశించుటయే దీనికి హేతువు. లెక్క హెచ్చినకొలది వ్యాధి చిన్నవయసుననే పొడసూపును. మఱికొన్ని జన్యువులలో నిట్టి పునరుక్తి పెరిగినచో నడక తూలు వ్యాధులు కలుగును. అట్టి రోగిని త్రాగుబోతని నవ్వుట ఎంత యన్యాయము!

తల్లిదండ్రులలో నొకరికి ఈ దోషమున్నచో ప్రతి బిడ్డకును అది సంక్రమించుటకు సగము అవకాశము గలదు. ఆడ, మగ భేదము లేదు. దోషము సంక్రమింపని బిడ్డ దానిని తన సంతానమున కీయజాలడు. కావున ఇంటివారినందఱిని దూరముంచి, సంబంధములు మానుట అవివేకము. ఇది శాపము గాదు, దయ్యము గాదు, కోడలి పాదమహిమ యంతకంటెను గాదు.

వ్యాధిని రూపుమాపు మందు నేటికిని లేదు; కదలికలను, మనోవ్యథను తగ్గించు మందులు గలవు. పులివెందుల పల్లెలలోనైనను ఇట్టి కుటుంబమున్నచో మంత్రగానికి ధనమీయక నరముల వైద్యుని చూడవలయును. బెంగుళూరు నిమ్హాన్సు వంటి చోట్ల రక్తపరీక్షచే లెక్క తెలియును. అయితే ఆరోగ్యముగా నున్నవారు పరీక్ష చేయించుకొనుటయు, మానుటయు యుక్తవయస్కుల సొంత నిర్ణయము. పిల్లలను దానికి బలవంతపెట్టరాదు.

విద్య నేర్చిన మనము పొరుగింటి రోగిని చూచి నవ్వక, చేయూత నిత్తుముగాక.