శిక్షణ అయిన ఆరు వారాలకు బడికి వెళ్లి చూడండి

మండల శిక్షణ చివరి రోజు మూడున్నర దాటాక ఫీడ్‌బ్యాక్ ఫారాలు పంచుతారు. బస్సు టైమవుతున్న టీచర్లు నిలబడే టిక్కులు పెట్టి, హాజరు సర్టిఫికెట్ తీసుకుని బయల్దేరతారు. దాదాపు అన్ని టిక్కులూ 'చాలా బాగుంది' దగ్గరే ఉంటాయి. వాటిని కూడి రిపోర్టు పైకి పంపితే మూల్యాంకనం అయిపోయినట్టే. భోజనం ఎలా ఉంది, రిసోర్స్ పర్సన్ బాగా మాట్లాడారా అన్నది ఆ ఫారం చెబుతుంది. మూడో తరగతి పిల్లవాడికి చదవడం వచ్చిందా అన్నది అందులో ఉండదు.

రిసోర్స్ పర్సన్లుగా వెళ్లేవారు, కాంప్లెక్స్ హెచ్‌ఎంలు, డైట్ (జిల్లా విద్యా శిక్షణ సంస్థ) అధ్యాపకులు ఈ మూల్యాంకనాన్ని ఇంకాస్త గట్టిగా చేయాలి. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తి వికాసానికి కేటాయించాలంటోంది. 2019లో మొదలైన నిష్ఠా లక్షల మంది టీచర్ల కోసం తలపెట్టిన శిక్షణ కార్యక్రమం. ఏకోపాధ్యాయ పాఠశాల టీచరు ఐదు రోజులు శిక్షణకు వెళితే ఆ బడి పిల్లలు ఐదు రోజులు తమ టీచరు లేకుండా గడుపుతారు. ఆ ఐదు రోజులకు బదులుగా పిల్లలకు ఏం దక్కిందో అడగడం మన బాధ్యత.

ఎలా అడగాలన్నదానికి అమెరికా విద్యా పరిశోధకుడు థామస్ గస్కీ 2000లో చూపిన మెట్లు నాకు బాగా పనికొచ్చేవిగా కనిపిస్తాయి. టీచర్లకు శిక్షణ నచ్చిందా, వాళ్లు కొత్తగా ఏం నేర్చుకున్నారు, బడి వ్యవస్థ వాళ్లకు తోడ్పడిందా, నేర్చుకున్నది తరగతిలో వాడుతున్నారా, పిల్లల చదువు మారిందా. మనం మొదటి మెట్టు మీదే ఆగిపోతున్నాం, ప్రీ టెస్ట్, పోస్ట్ టెస్ట్ పెడితే రెండో దాకా వెళుతున్నాం. ఆలోచన మాత్రం చివరి మెట్టు నుంచి వెనక్కి నడవాలని గస్కీ సలహా. ముందు పిల్లల్లో ఏం మారాలో తేల్చుకోండి. శిక్షణ దాన్ని బట్టి ఉండాలి.

అందుకని శిక్షణ మొదలయ్యే ముందే ఒక కాగితం మీద లక్ష్యం రాసుకోండి. 'పఠన నైపుణ్యాల పెంపు' అని రాస్తే రేపు దాన్ని ఎవరూ కొలవలేరు. 'మూడో తరగతిలో అక్షరాల దగ్గరే ఆగిన పిల్లలు నవంబరు చివరికి పదాలు చదవాలి, అందుకు టీచరు రోజూ అరగంట పిల్లల్ని స్థాయిల వారీగా కూర్చోబెట్టి చదివించాలి' అని రాయండి. పిల్లలు చేయాల్సిందీ, టీచరు చేయాల్సిందీ రెండూ అందులో ఉన్నాయి కాబట్టి వెళ్లి చూడొచ్చు.

ఆరు వారాలు ఆగి వెళ్లండి. అప్పటికి కొత్త మోజు తీరుతుంది, నిలిచేది నిలుస్తుంది. 'శిక్షణలో చెప్పింది అమలు చేస్తున్నారా మేడమ్?' అని అడిగితే 'చేస్తున్నామండీ' అనే జవాబు వస్తుంది, మరోటి రాదు. 'నిన్న తెలుగు పీరియడ్ చివరి పది నిమిషాలు ఏం చేయించారు? వెనకబడిన పిల్లలు అప్పుడు ఏం చేస్తున్నారు?' అని అడగండి. ఆ తర్వాత ఒక పీరియడ్ మొత్తం వెనక బెంచీలో కూర్చోండి. మీరు రాసుకున్నది మెమోలకు గానీ, తనిఖీ రిజిస్టరుకు గానీ వెళ్లదని ముందే మాటివ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి. పరిశీలన ఒక్కసారి షోకాజ్ నోటీసుగా మారిందా, ఆ మండలంలో ఇక ఏ టీచరూ మీకు తన మామూలు పాఠం చూపించరు.

అమలు కాలేదని తేలితే చాలామంది రెండో ప్రశ్న వేయరు. నా దృష్టిలో అసలు పని అక్కడే మొదలవుతుంది. స్థాయిల వారీ బోధన నేర్చుకుని వచ్చిన ఎస్‌జీటీకి (సెకండరీ గ్రేడ్ టీచరుకు) ఒకే గదిలో ఐదు తరగతులు ఉండొచ్చు. పఠన కార్డులు ఇంకా మండలం ఆఫీసులోనే ఉండొచ్చు. పొద్దున గంటంతా హాజరు, మధ్యాహ్న భోజనం వివరాలు యాప్‌లో ఎక్కించడానికే సరిపోవచ్చు. శిక్షణకు రాని హెచ్‌ఎం 'సిలబస్ ఎంతవరకు వచ్చింది?' అని మాత్రమే అడుగుతూ ఉండొచ్చు. ఇవేవీ శిక్షణ లోపాలు కావు, టీచరు లోపాలు అంతకన్నా కావు. రిపోర్టులో వీటికి చోటు లేకపోతే నింద ఎవరో ఒకరి మీద పడుతుంది, వచ్చే ఏడాది అదే శిక్షణ మళ్లీ పెడతారు. కాబట్టి ప్రతి బడిలో ఏది అడ్డుపడిందో, దాన్ని తీసేసే అధికారం ఎవరిదో పక్కపక్కనే రాయండి.

శిక్షణ దారిలో ఎంత కారిపోయిందో కూడా చూడాలి. రాష్ట్రం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి దిగేసరికి స్లైడ్లు అన్నీ ఉంటాయి, టీచర్లు స్వయంగా చేసి చూడాల్సిన సమయం తగ్గిపోతుంది. మండల స్థాయిలో ఒక రోజు కూర్చుని, ఎన్ని గంటలు విన్నారు, ఎన్ని గంటలు చేశారు అని లెక్కపెట్టండి. డెమో పాఠమే జరగని చోట ఫలితం రాకపోతే ఆ పద్ధతి చెడ్డదని తీర్పు చెప్పకూడదు. దీక్షా యాప్‌లో చేసే కోర్సులకూ ఇదే వర్తిస్తుంది. వీడియో పూర్తయిందని సర్టిఫికెట్ చెబుతుంది, తరగతి సంగతి చెప్పదు.

పిల్లల్ని పరీక్షించడానికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వేలో అక్షరాలు, పదాలు, చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ ఒక్కొక్కరితో విడిగా చదివిస్తారు. అదే తీరు చాలు. పాఠ్యపుస్తకంలోని పేరా మాత్రం ఇవ్వకండి, వినీ వినీ నోటికొచ్చిన పిల్లలు చూడకుండానే చదివేస్తారు. శిక్షణకు ముందు చదివించిన పిల్లలనే తర్వాతా చదివించండి, ఆ రోజు బడికి రానివారి పేర్లు రాసుకుని మరోసారి వెళ్లండి.

ఇక్కడొక చిక్కుంది. ఆ రెండు పరీక్షల మధ్య పిల్లలు ఎలాగూ కొంత నేర్చుకుంటారు, అదంతా శిక్షణ ఖాతాలో వేయలేం. మన శిక్షణలు స్పెల్స్‌గా, అంటే టీచర్లను జట్లుగా విడదీసి విడతల వారీగా జరుగుతాయి కాబట్టి దీనికో దారి ఉంది. మొదటి స్పెల్‌కూ రెండో స్పెల్‌కూ మధ్య రెండు మూడు నెలలు ఎడం ఇవ్వమని ముందే అడగండి. రెండో స్పెల్ టీచర్ల పిల్లల్ని కూడా అదే రోజుల్లో చదివించండి. రెండు జట్ల ప్రగతిలో తేడాయే మీకు కావాల్సింది. చురుకైన టీచర్లందర్నీ మొదటి స్పెల్‌కే పంపితే ఆ పోలిక చెడిపోతుంది, అందుకే పేర్లు చీటీలు తీసి పంపండి.

రిపోర్టు రెండు పేజీలు దాటనివ్వకండి. పైకి పంపే ముందు ఆ బడుల టీచర్లకు కాంప్లెక్స్ సమావేశంలో చదివి వినిపించి, 'ఇందులో తప్పుగా రాసిందేమైనా ఉందా?' అని అడగండి. వాళ్లు దిద్దిన రిపోర్టు రెండో స్పెల్ మొదలవడానికి కనీసం వారం ముందు రిసోర్స్ పర్సన్ల చేతికి అందాలి.