రెండు గ్రాఫిక్సు కార్డుల కంప్యూటరు - కరెంటు, చల్లదనముల లెక్క

మన నేత కుటుంబములలో చదువుకొన్న పిల్లలు చీరల డిజైన్లకు, కృత్రిమ మేధ పనులకు రెండేసి గ్రాఫిక్సు కార్డులుగల పెద్ద కంప్యూటర్లు కొనదలచుచున్నారు. వీని వెల లక్షలలో ఉన్నది. కొన్న పిదప తీగ కాలినదని విచారించుటకంటె ముందే వాట్లు లెక్క వేసికొనుట మేలు. ఆ లెక్కను మేమిక్కడ వేసి చూపుచున్నాము.

కరెంటు: 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090 కార్డు 450 వాట్లు తీసికొనును. రెండింటికి 900. థ్రెడ్‌రిప్పర్ 7000 తరగతి ప్రాసెసరుకు 350. పంకాలు, డిస్కులు మొదలగువానికి 100. వెరసి 1350 వాట్లు. కార్డులు క్షణకాలము ఇంతకుమించి లాగును గనుక 1600 వాట్ల పవర్ సప్లయి ఉండవలెను. ఈ ఉరవడిని ఓర్చునట్లు 2022లో ఏటీఎక్స్ 3.0 ప్రమాణము ఏర్పడినది. దానికి సరిపోవునదే అడిగి తీసికొనవలెను. కార్డు ప్లగ్గును కడవరకు నొక్కవలెను. వదులుగా పెట్టిన ప్లగ్గులు కరగినవి కలవు.

పవర్ సప్లయి నూటికి 92 పాళ్లు అందించునదైనచో, గోడనుండి సుమారు 1467 వాట్లు లాగును. 6 ఆంపియర్ల సాకెట్టు 230 వోల్టులవద్ద ఇచ్చునది 1380 మాత్రమే. కావున 16 ఆంపియర్ల సాకెట్టు, ప్రత్యేక లైను, మంచి ఎర్తు కావలెను. ఎక్స్‌టెన్షన్ బోర్డు పనికిరాదు.

మరమగ్గముల లైనునుండి మాత్రము తీయరాదు. మోటారు ఎత్తుకొనునప్పుడు వోల్టేజి పడును. అంతేకాక, మగ్గమునకై రాయితీపై ఇచ్చిన కరెంటును వేరుపనికి వాడుట 2003 నాటి విద్యుచ్ఛక్తి చట్టము 126వ సెక్షను క్రిందకు వచ్చును. రాయితీతో బ్రతుకు షెడ్డుకు అది పెద్ద దెబ్బ.

చల్లదనము: లాగిన ప్రతి వాటూ చివరకు వేడియే అగును. ఒక టన్ను ఏ.సి. సుమారు 3500 వాట్ల వేడిని తీయును. అందులో ఐదింట రెండుపాళ్లు ఈ యంత్రమునకే సరి. షోలాపురమువంటి చోట వేసవి 40 డిగ్రీలు దాటును గనుక కిటికీగాలిని నమ్మరాదు. రెండు కార్డులు ఆనుకొని ఉన్నచో క్రిందిదాని వేడిగాలినే పైది పీల్చును. నడుమ ఖాళీ విడువవలెను, లేదా వేడిని వెనుకకు నెట్టు బ్లోయరు రకము కొనవలెను. యంత్రమును మగ్గాలగదిలో ఉంచరాదు. నూలునుసి వడపోతలను మూసివేయును. ప్రక్కగదిలో ఉన్నను వారమునకొకసారి దులుపవలెను.

పొదుపు: కార్డు వాడకమునకు హద్దు పెట్టవచ్చును. ఒక్కొక్కటి 320 వాట్లకు తగ్గించినచో గోడనుండి లాగునది సుమారు 1185 వాట్లగును. పని తగ్గుట మాత్రము అంత ఉండదు. రోజుకు 8 గంటలు, నెలకు 25 దినములు నడిపినచో సుమారు 56 యూనిట్లు మిగులును.

కార్డులకు బయానా ఇచ్చుటకు ముందు ఇంటి కరెంటు బిల్లు తీసి, మంజూరైన లోడు ఎంతో చూడవలెను. యంత్రమునకు, ఏ.సి.కి చాలనిచో లోడు పెంచుటకు ముందుగా దరఖాస్తు పెట్టుకొనవలెనని మా మనవి.