వెలుతురు ఎక్కడ పడుతోంది?

పొద్దు గూకాక టైలర్ షాపులో నల్ల ప్యాంటుకు నల్ల దారంతో కుట్టు వేయాల్సి వస్తే తెలుస్తుంది వెలుతురు విలువ. నెత్తిన ట్యూబ్‌లైట్ ధగధగలాడుతూనే ఉంటుంది, సూది దగ్గర మాత్రం మసక. ఇంకో పెద్ద బల్బు తగిలిస్తే సరిపోతుందనుకుంటాం. తగిలించాక కళ్లు లాగుతాయి, సూది దగ్గర మసక పోదు.

'బ్రైట్‌నెస్' అనే ఒక్క మాటతో మూడు సంగతులను కలిపేయడం వల్ల వచ్చిన చిక్కు ఇది. మనకు మూడు మాటలున్నాయి, విడదీసి వాడుకుందాం. బల్బు ఇచ్చేది వెలుగు. పని మీద పడేది వెలుతురు. కంట్లో కొట్టేది మిరుమిట్లు. మీకు తక్కువైంది ఏదో, ఎక్కువైంది ఏదో తేల్చుకున్నాకే జేబులో చెయ్యి పెట్టండి.

బల్బు కొనేటప్పుడు

డబ్బా మీద వాట్లు చూసి కొనడం పాత అలవాటు. వాట్లు కరెంటు వాడకాన్ని చెబుతాయి. వెలుగు లెక్క ల్యూమెన్లలో ఉంటుంది. పాత 60 వాట్ల గుండు బల్బు సుమారు 800 ల్యూమెన్లు ఇచ్చేది. ఇప్పుడు 9 వాట్ల ఎల్ఈడీ బల్బు దాదాపు అంతే ఇస్తుంది. రెండు 9 వాట్ల బల్బులు పక్కపక్కన పెడితే ల్యూమెన్లు ఎక్కువున్నదే తీసుకోండి.

బట్టలు, నగలు, పెయింట్ల పనివాళ్లు రంగులు ఎంత సరిగా కనబడతాయో చెప్పే సీఆర్ఐ అనే అంకె కూడా అడగాలి. దీనికి గరిష్ఠం 100. మామూలు పనికి 80 చాలు, రంగు తేడా పట్టాల్సిన పనికి 90 దాటాలి. కొనేవాళ్లు చీరను గుమ్మం దాకా తీసుకెళ్లి ఎండలో చూస్తున్నారంటే, మీ షాపు లైట్ల మీద వాళ్లకు నమ్మకం లేదన్నమాటే.

పని బల్ల దగ్గర

పని మీద పడే వెలుతురును లక్స్‌లో కొలుస్తారు. రాత, లెక్కల పనికి బల్ల మీద 500 లక్స్ దరిదాపుల్లో ఉంటే హాయి. కుట్టు, నగిషీ లాంటి సన్నని పనికి ఇంకా కావాలి. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ వేసుకుంటే ఉజ్జాయింపుగా తెలుస్తుంది.

ఇక్కడ దూరమే అసలు సంగతి. దీపం రెండింతల దూరం జరిగితే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. ఆరడుగుల ఎత్తున ఉన్న బల్బును అడుగున్నరకు దించితే, నేరుగా పడే వెలుతురు సుమారు పదహారు రెట్లు పెరుగుతుంది. కరెంటు బిల్లు మాత్రం పైసా పెరగదు. కుడిచేతి వాటం వాళ్లు దీపాన్ని ఎడమవైపు పెట్టుకోవాలి, లేకపోతే చేతి నీడ పని మీదే పడుతుంది. దీపానికి డొప్ప ఉండాలి, బల్బు నేరుగా కంటికి కనబడకూడదు.

వయసు పైబడే కొద్దీ కంటిలోకి చేరే కాంతి తగ్గుతుంది. కుర్రాడికి సరిపోయిన దీపం అదే బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయనకు చాలదు. ఆయన నెమ్మదిగా చేస్తున్నాడని విసుక్కునే ముందు దీపం ఒకసారి చూడండి.

కంప్యూటర్ ముందు

కిటికీ మీకు పక్కన ఉండాలి. వెనకుంటే స్క్రీన్‌లో మెరుస్తుంది, ఎదురుంటే కంట్లో పడుతుంది. స్క్రీన్ పక్కన ఒక తెల్లకాగితం పట్టుకోండి. స్క్రీన్ దీపంలా వెలుగుతుంటే తగ్గించండి, బూడిద రంగులో కనబడితే పెంచండి. చీకటి గదిలో స్క్రీన్ ఒక్కటే వెలిగించుకుని పనిచేయకండి.

దీపం మార్చడం మీ చేతిలో లేకపోతే యజమానిని అడగడానికి మొహమాటం వద్దు. పనిచోట తగిన వెలుతురు ఉండాలని, మిరుమిట్లూ నీడలూ కంటికి శ్రమ కలిగించకూడదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే 17వ సెక్షన్‌లో అప్పట్లోనే చెప్పింది. అయితే "లైట్లు చాలట్లేదు" అని ఊరుకోకండి. "నా మిషన్ మీద నీడ పడుతోంది, ఇక్కడ ఒక దీపం కావాలి" అని చోటు చూపించి అడగండి.

కొత్త బల్బు కొనే ముందు ఉన్నదాన్ని తుడవండి, కిందికి దించండి, పక్కకు జరపండి. చాలాసార్లు అంతటితోనే సూదిలో దారం ఎక్కేస్తుంది.