చెయ్యి వేలాడుతోంది.. ఇది పక్షవాతమేనా?

ప్రశ్న: డాక్టరుగారూ, మా అబ్బాయికి 22 ఏళ్లు. మిర్చి యార్డు నుంచి వస్తూ బైకు మీంచి పడ్డాడు. రెండు నెలలైంది. ఎముకలు విరగలేదన్నారు గానీ కుడి చెయ్యి భుజం నుంచి వేలాడుతోంది. పక్షవాతమని ఊళ్లో నూనె మర్దన చేయిస్తున్నాం. తగ్గుతుందా?
- ఒక తల్లి, ప్రత్తిపాడు

జవాబు: అమ్మా, ఇది పక్షవాతం కాదు. పక్షవాతానికి మూలం మెదడులో ఉంటుంది. మీ అబ్బాయికి దెబ్బ తగిలింది మెడ నుంచి చేతికి దిగే నరాల అల్లికకి అనిపిస్తోంది. బైకు మీంచి పడ్డప్పుడు తల ఒకవైపు, భుజం మరోవైపు లాగేస్తే అక్కడి 5 నరాల మొదళ్లు సాగుతాయి, తెగుతాయి, ఒక్కోసారి వెన్నుపాము నుంచే ఊడొస్తాయి. సాగిన నరం దానంతటదే కోలుకోవచ్చు. తెగినదీ ఊడినదీ ఏ నూనెకీ అతకవు. చేతిలో భరించలేని మంట, అదే వైపు కనురెప్ప వాలడం ఉంటే ఊడిందనే అనుమానించాలి.

రెండు నెలలు ఇప్పటికే పోయాయి. నరం రోజుకి సుమారు 1 మిల్లీమీటరే పెరుగుతుంది. అది చేరేలోగా కండ ఎండిపోతే ఫలితం దక్కదు. ఆపరేషన్ అవసరమైతే 3 నుంచి 6 నెలల లోపే కావాలి. ఈ వారమే గుంటూరు జీజీహెచ్‌లో న్యూరాలజీ డాక్టర్లకి చూపించి నరాల పరీక్ష, మెడ ఎంఆర్‌ఐ చేయించండి. నరం ఊడినా, పక్కటెముకల మధ్య నరాన్ని తెచ్చి కలిపి మోచెయ్యి మడిచేలా చేసే అవకాశం ఉంది. వేళ్లు మునుపటిలా ఆడటం మాత్రం కష్టం. ఆశపెట్టి పంపడం నాకిష్టం లేదు.

ఈలోగా చేతికి పట్టీ వేసి ఉంచండి, కీళ్లు రోజూ మెల్లగా ఆడించండి. వేడి ఇటుక కాపడం వద్దే వద్దు. స్పర్శ లేని చెయ్యి కాలినా తెలియదు.

ప్రశ్న: మా బావమరిది పత్తికి కొట్టే మందు తాగితే ఆసుపత్రిలో బతికించారు. మూడు వారాలకి పాదాలు ఈడుస్తున్నాడు, మణికట్టు పైకి లేవడం లేదు.
- ఒక రైతు, దర్శి

జవాబు: క్లోర్‌పైరిఫాస్ వంటి మందులు ఇలా ఆలస్యంగా నరాల్ని దెబ్బతీస్తాయి. ముందు పిక్కల నొప్పి, తిమ్మిర్లు, తర్వాత కాళ్లు, ఆపైన చేతులు. దీనికి విరుగుడు లేదు. ఫిజియోథెరపీ, మణికట్టుకి దన్నుపట్టీ మేలు చేస్తాయి. చేతులు నెలల్లో తేరుకోవచ్చు, కాళ్లకి ఎక్కువ కాలం పడుతుంది.

అందరికీ ఇంకో మాట. పురుగుమందు తాగిన 1 నుంచి 4 రోజుల్లో మెడ, భుజాలు పట్టు తప్పి ఊపిరి ఆగే ప్రమాదం వేరే ఉంది. శ్రీలంక వైద్యులు 1987లో దాన్ని వివరించారు. లేచి కూర్చున్నాడు కదా అని డిశ్చార్జి అడగకండి. మీ బావమరిదికి నరాల డాక్టరుతోపాటు మనసు విప్పి మాట్లాడే మనిషీ కావాలి. టెలి మానస్ ఉచిత నంబరు 14416కి ఈ రోజే ఫోన్ చేయించండి.