జీతం పడ్డ నాడే జనవరి ఒకటి

దోహా,
19 డిసెంబర్ 2025

చిరంజీవి అల్లుడికి,

నిన్న నేషనల్ డే సెలవు, ఇవ్వాళ శుక్రవారం. రెండు రోజులు కలిసొచ్చి తీరిక దొరికింది కాబట్టి నువ్వు వాట్సాప్‌లో పంపిన కొత్త సంవత్సరం లిస్టు కళ్లద్దాలు పెట్టుకుని మరీ చదివాను. జిమ్ము, ఇంగ్లీషు, సిగరెట్ మానడం, డ్రైవింగ్ లైసెన్స్, నెలకు ఐదు వందల రియాళ్లు మిగల్చడం, రాత్రి ఫోను చూడకపోవడం, అమ్మతో రోజూ మాట్లాడటం. ఇందులో ఏది ఉంచాలో ఏది తీసేయాలో చెప్పమన్నావు. వాయిస్ మెసేజ్‌లో తెగే ముచ్చట కాదని కాగితం పట్టాను.

ముందు ఒక మాట. యూట్యూబ్‌లో ఈ సలహాలు చెప్పేవాళ్లంతా తెల్లవారుజామున లేవమంటారు, గంట నడవమంటారు, డైరీ రాయమంటారు. వాళ్ల పొద్దు వాళ్ల చేతిలో ఉంది, చెప్తారు. నీ పొద్దు కంపెనీ బస్సుది. నాలుగున్నరకు కాంపు గేటు దగ్గర లేకపోతే ఆ రోజు ఆబ్సెంటు పడుతుంది. సాయంత్రం ఓవర్‌టైం (ఓటీ) ఉందో లేదో ఫోర్‌మన్ నోటి నుంచి వచ్చేదాకా నీకు తెలియదు. ఇక జనవరి ఒకటంటావా, ఈ దేశంలో దానికి సెలవే లేదు. ఈసారి గురువారం వచ్చింది, బస్సు మామూలుగానే వస్తుంది.

మరి నీ చేతిలో ఏముంది? జీతం పడ్డ రోజుంది. ఫోనుంది. కంచంలో ఏం పెట్టుకోవాలో ఉంది. శుక్రవారం ఉంది. ఈ నాలుగింటిలో ఏదో ఒకదాని మీద నిలబడని నిర్ణయం ఈ సనయ్యా ఇండస్ట్రియల్ ఏరియా కాంపులో పది రోజులు బతకదు. నీ జిమ్ము అందుకే కొట్టేశాను. పొద్దంతా కేబుల్ డ్రమ్ములు దొర్లించి, నిచ్చెనలెక్కి దిగేవాడికి కావాల్సింది నిద్ర.

లిస్టులో లేనిది ఒకటి కనబడింది నాకు. వీసా అప్పు. ఏజెంటుకు కట్టడానికి మీ అమ్మ, అదే మా అక్క పేరు మీద నోటు రాసి తెచ్చిన లక్షన్నర. నూటికి రెండు రూపాయల మిత్తి అంటే నెలకు మూడు వేలు. ఏడాదికి ఇరవై నాలుగు శాతం. నెలకు ఐదు వందల రియాళ్లు మిగిల్చి బ్యాంకులో వేస్తానన్నావు, ఆ బ్యాంకు నీకు ఏడు శాతం ఇస్తే గొప్ప. ఇరవై నాలుగు కడుతూ ఏడు తెచ్చుకోవడం ఏం లెక్క? కాబట్టి మిగల్చడం అన్న మాటను ఈ ఏడాదికి పక్కన పెట్టు. తీర్చడం అని రాసుకో.

లెక్క చేసి చూశాను. రియాల్‌కు ఇరవై నాలుగు రూపాయలు పెట్టుకుందాం. నెలకు రెండు వందల రియాళ్లు కడితే అందులో అరవై శాతానికి పైగా మొదట్లో మిత్తికే పోతుంది, బాకీ తెగడానికి నాలుగేళ్లు దాటుతుంది. ఐదు వందలు కడితే పదిహేను నెలలు. ఆరు వందలు కడితే వచ్చే డిసెంబర్‌కల్లా నోటు చింపి పారేయొచ్చు. నీకు బేసిక్ పన్నెండు వందలు, ఫుడ్ అలవెన్స్ మూడు వందలు, రూము కంపెనీదే. ఆరు వందలు కష్టమే, అసాధ్యం మాత్రం కాదు. ఒక్కటి గుర్తుంచుకో: ఈ లెక్క బేసిక్ మీద వెయ్యి, ఓటీ మీద వెయ్యకు. రంజాన్ నెలలో చట్టం ప్రకారం వారానికి నలభై ఎనిమిది గంటల పని ముప్పై ఆరుకు దిగుతుంది. ఆ నెల ఓటీ ఉంటుందో ఉండదో ఎవరూ హామీ ఇవ్వలేరు. ఓటీ వస్తే అది పండగ ఖర్చు.

ఇప్పుడు ఎలా నిలబెట్టుకోవాలన్నది. జీతం పడిన మెసేజ్ వచ్చిన రోజే ఆరు వందలు ఇంటికి దాటాలి. మర్నాడు కూడా కాదు. మీ రూములో 'రేటు పెరుగుతుంది, ఆగు' అనేవాడు ఒకడుంటాడు, ప్రతి రూములోనూ ఉంటాడు. పది పైసలు పెరిగితే ఆరు వందల రియాళ్ల మీద నీకొచ్చేది అరవై రూపాయలు. ఆ ఆరు వందల రియాళ్లకయ్యే పద్నాలుగు వేల నాలుగు వందల రూపాయల మీద పది రోజుల మిత్తి తొంభై ఆరు. రేటు కోసం ఆగినవాడి దగ్గర ఆ పది రోజుల్లో రియాళ్లు కూడా ఆగవు, అది వేరే సంగతి.

డబ్బు చేరగానే అక్కను నోటు వెనకాల చెల్లు రాయించమను. తేదీ, ఎంత ఇచ్చింది, సంతకాలు. నోటి మాట మీద కట్టినవన్నీ మిత్తి కింద జమ అయిపోయి, మూడేళ్ల తర్వాత అసలు అసలుగానే నిలబడ్డ ఇళ్లు మన ఊళ్లో ఎన్ని ఉన్నాయో నీకూ తెలుసు. నోటుకు మూడేళ్ల గడువుంటుంది, చెల్లు పడితే ఆ గడువు మళ్లీ కొత్తగా మొదలవుతుంది కాబట్టి అప్పిచ్చినాయనకూ అది మంచిదే, కాదనడు. చెల్లు రాసిన పేజీ ఫోటో తీసి నాకు పంపు. నీ మాట నిలబడిందో లేదో నాకు తెలియడానికి అదొక్కటి చాలు.

అప్పు తీరాక అదే తారీఖున అదే ఆరు వందలు ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్‌లోకి వెళ్లాలి. ఆ డిపాజిట్ ఏడాదికి ముందే విరిస్తే వడ్డీ పైసా రాదు. చాలామంది దాన్ని లోపంగా చెబుతారు, నాకు అదే గుణంగా కనబడుతుంది. ఫిలిప్పీన్స్‌లో ఒక బ్యాంకు తన ఖాతాదారులకు, తామే పెట్టుకున్న తేదీ వచ్చేదాకా గాని, అనుకున్న మొత్తం నిండేదాకా గాని తీసుకోవడానికి వీల్లేని ఖాతా ఇచ్చి చూసింది. ఆ అవకాశం ఇచ్చినవాళ్ల పొదుపు, ఇవ్వనివాళ్లతో పోలిస్తే, ఏడాదిలో సగటున ఎనభై ఒక్క శాతం పాయింట్లు ఎక్కువగా పెరిగిందని 2006లో అచ్చయిన పరిశోధన. వడ్డీ ఎక్కువేం ఇవ్వలేదు, తాళం మాత్రమే వేశారు.

ఆ తాళం సంగతి మనవాళ్లకు కొత్త కాదు. కొండగట్టు అంజన్న మాల వేసుకున్నవాళ్లను చిన్నప్పటి నుంచి చూస్తున్నావు. పొద్దు గుంకితే కల్లు దుకాణం దగ్గర తప్ప కనబడనివాడు నలభై ఒక్క రోజులు చుక్క ముట్టడు. ఎట్లా? మెడలో మాలుంది, ఒంటి మీద కాషాయం ఉంది. పొద్దున చన్నీళ్ల స్నానానికి వేళ ఉంది, భిక్షకు తోటి స్వాములున్నారు, విరమణకు తేదీ ఉంది. నిన్నటిదాకా అరేయ్ అని పిలిచినవాడు స్వామీ అంటున్నాడు, అట్లా పిలిపించుకుంటూ దుకాణంలోకి పోవడానికి కాళ్లు రావు. మాల తీసిన సాయంత్రమే మళ్లీ అదే బెంచీ మీద కూర్చున్నవాళ్లనూ చూశావు. వాళ్లను చూసి నవ్వుకున్నాం గాని, నలభై ఒక్క రోజులు ఎందుకు ఆగగలిగారో ఎవరం అడగలేదు. మనోబలం ఒక్కదాని మీద ఆనుకుని ఆగలేదు వాళ్లు. చుట్టూ కట్టిన ఏర్పాటు ఆపింది.

నీ సిగరెట్‌కు అట్లాంటి ఏర్పాటు ఇక్కడ దొరుకుతుంది. ఈసారి రంజాన్ ఫిబ్రవరి 18, 19 ప్రాంతంలో మొదలవుతుంది. పగలు బయట తినడం, తాగడం, సిగరెట్ ముట్టించడం ఎవరికైనా సరే నిషిద్ధం. మీ రూములో ఉపవాసం ఉండే బంగ్లాదేశ్ అన్నలు ఉన్నారన్నావు. వాళ్లతో పాటు నువ్వూ పగలు ఆపు. అప్పటిదాకా తగ్గించు, అప్పుడు తెంచు. రంజాన్ ముగిసేసరికి మన ఉగాది, మార్చి 19. జనవరి ఒకటి చేజారిందని ఏడాదంతా వదిలేసేవాడికి ఈ దేశంలో కొత్త ఆరంభాలకు కొదవ లేదు. ఫిబ్రవరి రెండో మంగళవారం స్పోర్ట్స్ డే అని సెలవు కూడా ఉంది.

ఇంకొకటి. 'మానేస్తా' అని రాసుకున్నావు. స్వీడన్‌లో వెయ్యిమందికి పైగా మనుషుల కొత్త సంవత్సర నిర్ణయాలను ఏడాది పొడుగునా గమనించి 2020లో ప్రకటించారు. ఫలానాది చేస్తానన్నవాళ్లలో దాదాపు యాభై తొమ్మిది శాతం నెగ్గితే, ఫలానాది మానేస్తానన్నవాళ్లలో నలభై ఏడు శాతమే నెగ్గారు. కాబట్టి బ్రేకులో ఏం చేస్తావో రాయి. టీ బ్రేకు కాగానే పొగతాగేవాళ్ల గుంపు దగ్గరికి కాకుండా వాటర్ కూలర్ దగ్గరికి పోతా, బాటిల్ నింపుకుంటా అని రాయి. ఎనర్జీ డ్రింకు డబ్బా వద్దు. 2019 జనవరి ఒకటి నుంచి ఈ ప్రభుత్వం సిగరెట్ మీదా ఎనర్జీ డ్రింకు మీదా నూటికి నూరు పన్ను వేసింది, రెంటికీ నువ్వు రెట్టింపు కట్టాల్సిన పని లేదు. మీ అమ్మ ముప్పై ఏళ్లుగా బీడీలు చుడుతోంది, తంబాకు దుమ్ముకు ఆమె దగ్గు ఎట్లుంటుందో నీకు నేను చెప్పాలా.

తప్పుతావు. అది కూడా ఇప్పుడే చెబుతున్నా. అమెరికాలో జాన్ నార్‌క్రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో ఇట్లా నిర్ణయాలు చేసుకున్న రెండు వందల మందిని రెండేళ్లు కనిపెట్టి చూశాడు. మొదటి వారం నూటికి డెబ్భై ఏడు మంది నిలబడ్డారు, రెండేళ్లకు పందొమ్మిది మంది మిగిలారు. నాకు ఆశ్చర్యం ఆ మిగిలినవాళ్లను గురించే. వాళ్లలో సగానికి పైగా మధ్యలో జారినవాళ్లే, సగటున పద్నాలుగు సార్లు. ఒక నెల ఆరు వందలకు బదులు మూడు వందలే పంపగలిగితే మూడు వందలు పంపు, చెల్లు రాయించు, ఫోటో పంపు. ఆ నెల సిగ్గుపడి ఫోను ఎత్తకుండా ఉంటే మాత్రం నేను కాంపుకే వస్తాను.

ఇంగ్లీషు ఉంచు, కాని అంత పెద్దగా వద్దు. పొద్దున టూల్‌బాక్స్ టాక్‌లో సంతకం పెట్టించుకునే కాగితం ఉంటుంది కదా, సంతకం పెట్టే ముందు అందులో ఒక్క లైను బయటికి చదువు. వారానికి ఒకసారి మీ చార్జ్‌హ్యాండ్‌ను డిస్ట్రిబ్యూషన్ బోర్డు (డీబీ) డ్రాయింగ్ అడుగు, ఏ సర్క్యూట్ ఏ బ్రేకర్‌కు పోతుందో వేలు పెట్టి చూపించమను. గ్లాండింగ్ చేయడం, మెగ్గర్ పట్టడం వచ్చి, డ్రాయింగ్ చదవడం వచ్చినవాడు హెల్పర్‌గా ఉండిపోడు. 2020 దాకా అయితే కంపెనీ ఎన్‌ఓసీ ఇస్తేనే వేరే చోటికి మారేవాళ్లం, పని నేర్చినా జీతం అక్కడే ఉండేది. ఆ ఏడాది చట్టం మారింది. రెండేళ్ల లోపు సర్వీసైతే నెల నోటీసు, దాటితే రెండు నెలలు, అంతే. నేర్చిన పనికి ఇప్పుడు విలువ కట్టించుకోవచ్చు. కొత్త ఆఫర్ చేతికి రాకుండా, అప్పు సగమైనా తెగకుండా మారకు గాని, నేర్చుకోవడం మాత్రం ఆపకు. లైసెన్స్ అప్పు తీరాక.

రాత్రి ఫోను విషయంలో నీతులు చెప్పను. చార్జర్‌ను మంచం దగ్గరి ప్లగ్గు నుంచి తీసి తలుపు పక్క ప్లగ్గుకు పెట్టు. అలారం మోగితే లేచి నడవాలి, రీల్స్ చూడాలంటే నిలబడి చూడాలి. పై బెర్తు కాబట్టి నీకు ఇది బాగా పనిచేస్తుంది.

అమ్మతో రోజూ మాట్లాడతానన్నావు. ఇక్కడ నువ్వు స్నానం చేసి కూర్చునేసరికి ఏడు, అక్కడ తొమ్మిదిన్నర. అక్క ఎనిమిదికే పడుకుంటుంది. నిద్రలో లేపి రోజూ 'తిన్నవా' అని అడిగే కంటే శుక్రవారం పొద్దున ఇక్కడి ఎనిమిదింటికి, ఆమె ముందు చాట, తంబాకు ఉన్న వేళ, గంటసేపు మాట్లాడు. అప్పుడు ఊరి సంగతులు వాటంతట అవే వస్తాయి. మధ్యలో బుధవారం ఒకసారి క్షేమం.

మీ రూములో అందరూ కలిసి అబుధాబి బిగ్ టికెట్ కొందామనుకుంటున్నారని విన్నాను. 2019లో నిజామాబాద్ జిల్లా రైతుకు అందులో కోటిన్నర దిర్హమ్‌లు తగిలిన మాట నిజమే. ఆ కథ చెప్పి చెప్పి సనయ్యాలో ఎన్ని టికెట్లు అమ్ముడుపోయాయో ఎవరూ చెప్పరు. నువ్వు చేరకు.

కాబట్టి లిస్టులో ముఖ్యంగా మూడు మిగిలాయి: జీతం పడ్డ నాడు ఆరు వందలు, టీ బ్రేకులో నీళ్ల బాటిల్, వారానికో డ్రాయింగ్. ఈ మూడూ స్టేటస్‌లో పెట్టకు. లైకులు పడ్డాక పని అయిపోయినట్టే ఉంటుంది. నాకు తెలుసు, అక్కకు తెలుసు, చాలు.

జనవరి రెండు శుక్రవారం. జుమ్మా అయ్యాక నజ్మాకు, నా దగ్గరికి రా, మటన్ తెస్తాను, వంట నువ్వు చెయ్యి. వచ్చేలోగా అక్కతో నోటు రెండు వైపులా ఫోటో తీయించి తెప్పించు. మిత్తి నూటికి రెండని నువ్వంటున్నావు, మొన్న బావ మూడన్నట్టు గుర్తు. మూడైతే నేను వేసిన లెక్కంతా మారుతుంది, అప్పుడు కూర్చుని మళ్లీ వేద్దాం.

ఇట్లు,
మీ మామ