అంకెయా, అక్షరమా? యానిమేషను స్క్రిప్టునందు టైప్ ఎర్రరును వెదకు విధము



ఈ సంవత్సరము మన విజ్ఞాన ప్రదర్శనమునకై తొమ్మిదవ తరగతివారు సూర్యగ్రహణమును గూర్చి ఒక చిన్న యానిమేషను వీడియో సిద్ధపరచిరి. 1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీని సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణమును ఫ్రాన్సు దేశపు ఖగోళ శాస్త్రజ్ఞుడగు జాన్సెన్ గుంటూరునుండి పరిశీలించెను. ఆ దినమున చంద్రబింబము సూర్యుని కప్పి మరల తొలగిపోయిన తీరును చూపవలెనని మన పిల్లల కోరిక. ప్రదర్శనమునకు ముందునాటి సాయంకాలము ఆ స్క్రిప్టు నడువక, తెరమీద టైప్ ఎర్రరు అను మాట కనబడి నిలిచిపోయెను. ఆ రెండు గంటలలో మేము నేర్చుకొనిన దానిని మీయందరి ఉపయోగార్థము ఇచ్చట వ్రాయుచున్నాను.

1. యానిమేషను అననేమి?

నిశ్చలమైన బొమ్మలను వెంటవెంటనే చూపినయెడల కన్ను వానిని కదలుచున్న వస్తువుగా గ్రహించును. ఒక్కొక్క బొమ్మకు ఫ్రేము అని పేరు. సెకండునకు 24 ఫ్రేములు చొప్పున 10 సెకండ్ల వీడియోకు 240 ఫ్రేములు కావలెను. ఇన్ని బొమ్మలు చేతితో గీయుట కష్టము గనుక, ఏ ఫ్రేమునందు చంద్రుడు ఎచ్చట నుండవలెనో లెక్కకట్టి గీయుమని కంప్యూటరునకు వ్రాసి యిచ్చెదము. ఆ వ్రాతయే స్క్రిప్టు. మనవారు దానిని పైథాను భాషలో వ్రాసిరి. హాలెండు దేశస్థుడగు గైడో వాన్ రాసమ్ కల్పించిన యీ భాష 1991వ సంవత్సరమున మొదట వెలువడినది.

2. టైపు అననేమి?

హాజరుపట్టీలో 10వ నెంబరు గల బాలుడును 24వ నెంబరు గల బాలుడును ఒకచో నిలిచినంతమాత్రమున 34వ నెంబరు గల బాలుడు పుట్టడు. ఏలయన ఆ నెంబరు పేరువంటిదే గాని పరిమాణము కాదు. బుట్టలోని 10 మామిడిపండ్లకు 24 పండ్లు కలిపిన మాత్రము నిశ్చయముగా 34 అగును. చూచుటకు అంకెలు ఒక్కటే. వాని స్వభావము వేరు.

కంప్యూటరు ఈ భేదమును ఎన్నడును మరువదు. పూర్ణసంఖ్యను పైథాను ఇంట్ అనును. దశాంశబిందువు గల సంఖ్యను ఫ్లోట్ అనును. అక్షరముల వరుసను స్ట్రింగు అనును. ఒక రకముతో చేయదగని పనిని దానితో చేయబోయినప్పుడు, “ఈ రకమునకు ఈ పని చెల్లదు” అని చెప్పి ఆగిపోవును. ఆ మాటయే టైప్ ఎర్రరు.

3. జరిగిన సంగతి

స్క్రిప్టులోని లెక్క మూడు పంక్తులలో ఉండెను. మొదటి పంక్తి, వీడియో ఎన్ని సెకండ్లుండవలెనని అడిగి, కీబోర్డుమీద కొట్టిన జవాబును పుచ్చుకొనును. రెండవ పంక్తి, ఆ సెకండ్లను 24 చేత గుణించి మొత్తము ఫ్రేములను తెలుపును. మూడవ పంక్తి, ఆ మొత్తమును రెండుగా భాగించి, చంద్రుడు సూర్యుని కప్పు దృశ్యమునకు మొదటి సగమును, తొలగు దృశ్యమునకు రెండవ సగమును ఇచ్చును. మొదటి పంక్తి నేను ఇచ్చిన నమూనా కాగితమునుండి తీసికొన్నది. రెండవది ఒక బాలుడు, మూడవది ఒక బాలిక వ్రాసిరి.

సందేశము మూడవ పంక్తి సంఖ్యను చూపెను. తక్షణమే అందరును ఆ బాలికవైపు చూచి, “నీవలననే చెడినది” అనిరి. ఆమె బదులు పలుకక, తన పంక్తిని నాలుగుమారులు చెరిపి వ్రాసెను. ప్రతిమారును అదే సందేశము వచ్చెను. తుదకు, “అయ్యగారూ, నా భాగము తీసివేయుడి” అని కన్నీరు పెట్టుకొనెను. “అమ్మా, ముందు ఆ సందేశము చివరవరకు చదివితిమా?” అని అడిగితిని. ఎవరును చదివియుండలేదు. నేనును చదువలేదు.

4. వెదకు క్రమము

మొదట, సందేశపు కడపటి పంక్తిని చదువవలెను. పైథాను తప్పు పేరును, దాని కారణమును అడుగున వ్రాయును. ఆ తప్పు ఏ పంక్తియందు బయటపడెనో దానిపైన తెలుపును. మా సందేశపు అర్థమేమనగా: భాగహారమునకు ఎడమప్రక్క స్ట్రింగును, కుడిప్రక్క ఇంట్‌ను ఉన్నవి, ఈ రెంటికి భాగహారము చెల్లదు.

రెండవది, ఉన్నదనుకొనుచున్న దానిని గాక నిజముగా ఉన్నదానిని చూడవలెను. టైప్ అను ఆజ్ఞ వస్తువు యొక్క రకమును చెప్పును. ప్రింట్ అను ఆజ్ఞ దాని విలువను తెరమీద చూపును. మేము మొత్తము ఫ్రేములను ప్రింటు చేయించి చూడగా 240 రాలేదు. 10 అను జంట ఇరువది నాలుగు మారులు ప్రక్కప్రక్కన వ్రాయబడి, 48 అంకెల పొడవైన వరుస వచ్చెను! పిల్లలు కన్నీరు మరచి నవ్విరి.

మూడవది, అచ్చటనుండి పైకి ఎక్కి, రకము మొదట ఎచ్చట మారెనో కనుగొనవలెను. కీబోర్డునుండి జవాబు పుచ్చుకొను ఇన్‌పుట్ అను ఆజ్ఞ, మనము ఏమి కొట్టినను దానిని స్ట్రింగుగానే అందించును. కావున మొదటి పంక్తిలోని 10 సంఖ్య కాదు. ఒకటి, సున్న అను రెండు గుర్తులు మాత్రమే. రెండవ పంక్తియందు పైథాను ఏల ఆగలేదు? స్ట్రింగును పూర్ణసంఖ్య చేత గుణించుట ఆ భాషలో చెల్లును. అన్ని మారులు తిరిగి వ్రాయుమని దాని అర్థము. అందుచే తప్పు నోరెత్తక రెండవ పంక్తిని దాటి, మూడవదానియందు పట్టుబడెను.

విద్యార్థులారా, దీనిని మనస్సునందుంచుకొనుడు: తప్పు బయటపడిన చోటు వేరు, పుట్టిన చోటు వేరు. పుట్టిన చోటు నా నమూనా కాగితమే.

నాలుగవది, పుట్టినచోటనే దిద్దవలెను. మొదటి పంక్తియందు ఇన్‌పుట్‌ను ఇంట్ అను ఆజ్ఞలో చుట్టగా ఆ గుర్తులు పూర్ణసంఖ్యగా మారినవి. రెండవ పంక్తి ఇప్పుడు 240 అని చెప్పెను.

5. రెండవ తప్పు

మరల నడుపగా మరియొక టైప్ ఎర్రరు వచ్చెను. “ఫ్లోట్ అను వస్తువును పూర్ణసంఖ్యగా గ్రహింప వీలులేదు” అని దాని భావము. ఈసారి ఎవరును ఎవరివైపును చూడలేదు. ఆ బాలికయే ముందుకు వచ్చి, సందేశము చదివి, మూడవ పంక్తి ఫలితమును ప్రింటు చేసెను. 120.0 అని వచ్చెను. “అయ్యగారూ, ఇది నా తప్పే” అని ధైర్యముగా పలికెను.

కారణమేమనగా, ఫ్రేములను ఒక్కొక్కటిగా లెక్కించు రేంజ్ అను ఆజ్ఞకు పూర్ణసంఖ్యయే కావలెను; ముప్పాతిక ఫ్రేము ఎచ్చటను లేదు గదా! పైథాను 3లో ఒక గీటుతో భాగించిన, శేషము లేకున్నను ఫలితము ఫ్లోటే. 120.0, 120 విలువలో సమానములే గాని రకము వేరు. ఆమె చూచి వ్రాసిన పాత పుస్తకము పైథాను 2 కాలమునాటిది. అందు 240ని 2 చేత భాగించిన పూర్ణసంఖ్యయే వచ్చెడిది. 2008వ సంవత్సరమున వెలువడిన పైథాను 3 ఈ పద్ధతిని మార్చెను. పైథాను 2కు పోషణ 2020 జనవరి 1వ తేదీతో ముగిసెను. పుస్తకము అబద్ధమాడలేదు, దాని కాలము గడచినది. ఆమె రెండు గీట్లు పెట్టి పూర్ణ భాగహారముగా మార్చగానే చంద్రుడు కదలెను.

6. జాగ్రత్తలు

రకము మార్చుట మందువంటిది, తెలిసి వాడవలెను. 0.29ని 100 చేత గుణించిన పైథాను 28.999999999999996 అని చెప్పును. దానిని ఇంట్ చేసిన దశాంశభాగము రాలిపోయి 28 మిగులును; రౌండ్ అను ఆజ్ఞతో సవరించిన 29 వచ్చును. మరియు ఎవరైన 10కి బదులు “పది” అని అక్షరములలో కొట్టినయెడల, ఇంట్ అను ఆజ్ఞ వాల్యూ ఎర్రరు అను వేరొక తప్పును చూపును. రకము తగినదే గాని విలువ తగనిది అని దాని భావము.

ఇది పిల్లల ఆటయని తలంపకుడు. 1996వ సంవత్సరము జూన్ 4వ తేదీని ఐరోపావారి ఏరియాన్ 5 రాకెట్టు తన మొదటి ప్రయాణమున బయలుదేరిన సుమారు 40 సెకండ్లలో బ్రద్దలయ్యెను. 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణసంఖ్యగా మార్చు పంక్తి ఒకటి దాని దిక్కు చూపు యంత్రమునందుండెను. ఆ పాత్రలో 32,767 కంటె పెద్ద సంఖ్య ఇమడదు. ఏరియాన్ 4 రాకెట్టుకు చాలిన ఆ లెక్క, అధిక వేగము గల క్రొత్తదానికి చాలలేదు. అందు మనుష్యులు లేకుండుట దైవకృప.

7. ముగింపు

మరునాటి ఉదయ ప్రార్థన ముగిసిన పిమ్మట, మొదటి తప్పు నా కాగితములోనిదని తరగతి యెదుట చెప్పి, ఆ బాలికను క్షమాపణ వేడుకొంటిని. నిందించిన బాలురును అట్లే చేసిరి. ప్రదర్శనమునందు ఆమెయే వీడియోను నడిపెను. “ఎవరు చేసిరి?” అని అడిగినందున మాకు ఒక గంట వృథాయైనది, “ఎచ్చట పుట్టినది?” అని అడిగినప్పుడు అరగంటలో పని చక్కబడినది. తల్లిదండ్రులకు నా మనవి: బిడ్డ యెదుట తెరమీద ఎఱ్ఱని అక్షరములు కనబడినప్పుడు కోపింపక, కడపటి పంక్తిని బిగ్గరగా చదువుమని చెప్పుడు.

అభ్యాసములు

1. స్ట్రింగు అగు 3కు పూర్ణసంఖ్య 4ను కూడిన ఏమగును? 4 చేత గుణించిన ఏమగును? ఈ రెంటిలో ఏది ఎక్కువ అపాయకరము? ఏల?

2. సెకండునకు 25 ఫ్రేముల చొప్పున 5 సెకండ్ల వీడియోను రెండు దృశ్యములుగా పంచుడు. రెంటికిని పూర్ణ భాగహారమునే వాడిన ఎన్ని ఫ్రేములు పోవును? పోకుండుటకు రెండవ దృశ్యపు లెక్కను ఎట్లు వ్రాయవలెను?

3. మీరు ఈ సంవత్సరము ఇతరులమీద మోపిన తప్పు ఒకటి జ్ఞాపకము చేసికొని, అది నిజముగా ఎచ్చట పుట్టినదో వెదకుడు. ఈ జవాబు నాకు చూపనక్కరలేదు.